పక్కటెముకల కింది దారి

"ఆసుపత్రి మార్చడానికి సంతకం పెడతావా, పెట్టవా? ఒక్క మాటలో చెప్పు."

పెద్దోడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతను మాట్లాడి తెచ్చిన అంబులెన్సు వీధిలో ఇంజను ఆపకుండా గుర్రుమంటోంది. ఆ అదురుకి కిటికీ అద్దం సన్నగా మోగుతోంది.

"పెట్టను బావగారూ," అంది చిన్నకోడలు. "ఆయన్ని ఆ మంచం మీది నుంచి కదలనివ్వను."

"వాడు నా తమ్ముడు!"

"నాకు మొగుడు."

ఆమె వంటగట్టు అంచుని వెనక చేతులతో పట్టుకుని నిలబడింది.

అత్తగారు నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దుటి నుంచీ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "వాడు చెప్పేది వినవే తల్లీ. ఆ రెండో ఆసుపత్రిలో పొట్ట కోసి ఒక్క పూటలో అంతా కడిగేస్తారట. వీళ్ళేమో పక్కలో గొట్టం గుచ్చి గుడ్లప్పగించి చూస్తున్నారు. కుళ్ళు కడుపులో పెట్టుకుని ఎన్నాళ్ళే?"

"చచ్చిన భాగం చుట్టూ ఒంట్లోనే ఒక గోడ కట్టుకోవాలట అత్తయ్యా. అది గట్టిపడకముందే కోస్తే మంచిదేదో చెడ్డదేదో తెలియదు, రక్తం ఆగదు అంది డాక్టరమ్మ. ముందు గొట్టంతో చీము బయటికి తీస్తారు. జ్వరం దిగితే సరే. దిగకపోతే, ఆ గొట్టం వేసిన దారినే లోపలికి పోయి చచ్చినదాన్ని తీస్తారు. పొట్ట కొయ్యరు."

"గొట్టం దారిన!" పెద్దోడు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒక అడుగు వెనక్కి వెయ్యాలనిపిస్తుంది. "ఇంజన్లో రింగులు పోతే సైలెన్సర్లోంచి చెయ్యి పెట్టి బాగుచేస్తామా? హెడ్డు విప్పాలి. విప్పి కింద పెట్టి, పాడైంది పీకి అవతల పారేసి, మళ్ళీ బిగించాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని నాకు చెబుతావా?"

"ఆయన ఇంజను కాదు బావగారూ. విప్పి కింద పెడితే మళ్ళీ బిగించడానికి మనిషి ఉండడు."

గది మూలలో బట్టలు మడతపెడుతున్న పెద్దకోడలు తల ఎత్తకుండానే అంది. "కాస్త నెమ్మదిగా మాట్లాడండి. వీధంతా వింటోంది."

అంతే. పెద్దోడి చెయ్యి లేచింది.

పెద్దకోడలి మోచెయ్యి తనంతట తానే మొహానికి అడ్డం వచ్చింది. మడతపెట్టిన బట్టలు ఒళ్ళోంచి జారిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. ఆ చెయ్యి గాలిలో ఒక క్షణం ఆగి, పక్కకి తిరిగి, తలుపు మీద పడింది. చెక్క నిలువునా చీలింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. కణుపుల మీద తోలు లేచిపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. గడియ ఊడి నేల మీద పడ్డాక ఆగి రొప్పుతూ నిలబడ్డాడు.

చిన్నకోడలికి ఆ క్షణంలో భయం వెయ్యలేదు. కోపం వచ్చింది. అదీ చల్లగా వచ్చింది.

"ఆ చేతిని ఆపుకున్నట్టు, ఆ రోజు కాలినీ ఆపుకుని ఉంటే బాగుండేది," అంది.



ఆ కాలు సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు. బ్రేకు సరిగ్గా పట్టని బస్సుని చిన్నోడు చూసుకోకుండా తమ బస్సుల రిపేరు షెడ్డులోంచి పంపేశాడు. మలుపులో అది ప్రహరీ గోడని గుద్దుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ సాయంత్రం పెద్దోడు పనివాళ్ళందరి ముందూ తమ్ముణ్ణి కింద పడేసి పొట్టలో తన్నాడు. ఆ రాత్రే చిన్నోడికి నొప్పి మొదలైంది. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. క్లోమం వాచిందన్నారు. పొట్ట వెనక దాక్కుని, తిండి అరిగించే రసం తయారుచేసే అవయవమట అది. ఆ రసం బయటికి పోయే దారి లేక సొంత గూటి మీదే తిరగబడిందట. తన్ను తానే అరిగించుకుందట. చాలా భాగం చచ్చిపోయింది. చచ్చినదానికి చీము పట్టింది.

తన్నునీ జబ్బునీ ఇంట్లో ప్రతివాళ్ళూ మనసులో పక్కపక్కన పెట్టుకున్నారు. నోటితో కలిపింది మాత్రం ఇప్పుడు చిన్నకోడలే.

అత్తగారు లేచిన వేగం ఆమె వయసుకి తగింది కాదు. చెంప మీద దెబ్బ పడ్డాక గానీ ఆమె లేచిందని చిన్నకోడలికి తెలియలేదు.

"నా కొడుకులిద్దర్నీ నువ్వే చంపుతావే! ఒకణ్ణి ఆసుపత్రిలో, ఒకణ్ణి మాటలతో!"

చెవిలో సన్నటి ఈల మోగుతోంది. చిన్నకోడలు చెంప తడుముకోలేదు. పెద్దోడి వైపే చూస్తోంది. అతను తన కుడికాలి వైపు చూసుకుంటున్నాడు. ఎవరి కాలో తన ఒంటికి తగిలించినట్టు చూస్తున్నాడు.

అప్పుడు ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి.

జ్వరం పేలిపోతోంది, బీపీ పడిపోతోంది, వెంటనే రండి అన్నారు.

నలుగురూ ఆ అంబులెన్సులోనే ఎక్కారు. డ్రైవరు వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూశాడు. రక్తం కారుతున్న చెయ్యి, వాచిన చెంప, ఏడుస్తున్న ముసలమ్మ, చెప్పులు లేకుండా ఎక్కిన పెద్దకోడలు.

"ఇంతకీ పేషెంటెవరు సార్?" అన్నాడు.

"పోనీవయ్యా," అంది చిన్నకోడలు.

*

డాక్టరమ్మ పొట్టి మనిషి. కళ్ళజోడు తల మీదికి తోసుకుని, వార్డు బయట వరండాలో నిలబడి ఉంది. చేతి తొడుగులు ఇంకా తియ్యలేదు. వాటి మీద ముదురు గోధుమరంగు మరకలున్నాయి.

"నిన్న సాయంత్రం మీలో ఎవరు చూడ్డానికి వచ్చారు?"

"నేను," అన్నాడు పెద్దోడు.

"ట్యూబుకి మధ్యలో చిన్న కుళాయిలాంటిది ఉంటుంది. దాన్ని మీరు తిప్పారా?"

"తిప్పాను."

అందులో దాచడం లేదు. తప్పు చేశానన్న బెదురూ లేదు. పని సరిగ్గా చేసిన మనిషి చెప్పినట్టే చెప్పాడు.

"ఎందుకు?"

"గొట్టం చివరి సంచి నిండిపోతోందండీ. నల్లగా, చిక్కగా. లోపలున్నదంతా కారిపోతోంది. వాడు ఎండిపోయి పుల్లలా అయిపోతున్నాడు. షెడ్డులో ఏది కారుతున్నా ముందు దాన్ని కట్టేస్తాం. తర్వాతే మిగతా పని. రేడియేటరు ఖాళీ అయితే ఇంజను పట్టేస్తుంది కదండీ. మీవాళ్ళెవరూ పట్టించుకోవట్లేదని నేనే కట్టేశా. వాడి నుదుటి మీద చెయ్యి వేసి, ఇక కారదురా అని కూడా చెప్పా."

డాక్టరమ్మ చేతి తొడుగులు లాగి చెత్తబుట్టలో పడేసింది.

"కారాల్సింది చీమండీ. రాత్రంతా అది బయటికి పోకుండా లోపలే నిలిచిపోయింది. విషం రక్తంలోకి ఎక్కింది. సంచిలోకి తక్కువ వస్తుంటే, తగ్గుముఖం పట్టిందనుకున్నారు మా నర్సులు. ట్యూబు మొదలంటా చూసి ఉండాల్సింది. తప్పు మాదీ ఉంది."

ఆ చివరి మాట చిన్నకోడలు వినలేదు. ఆమె భుజాన ఉన్న సంచిలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంది. సంచి ఎప్పుడు ఎత్తిందో, ఎలా తిప్పిందో ఆమెకే తెలియదు. ఫ్లాస్కు పెద్దోడి కనుబొమ్మ మీద పగిలింది.

"చంపెయ్! ఒక్కసారే చంపెయ్! ముందు కాలితో, ఇప్పుడు చేత్తో! విడతలెందుకు?"

మళ్ళీ కొట్టింది. సంచిలో పగిలిన గాజు గలగలమంది. అతని చెంప మీది నుంచి నీళ్ళూ నెత్తురూ కలిసి చొక్కా మీదికి దిగాయి. జుట్టు పట్టుకుని వంచింది. గోళ్ళు మెడలో దిగాయి. అంత మనిషి, ఒక్క విదిలింపుతో ఆమెని గోడకి కొట్టగల మనిషి, రెండు చేతులూ కిందికి వేలాడేసి నిలబడ్డాడు. కొట్టించుకుంటున్నాడు. అలా నిలబడటమే ఆమెకి మరింత పిచ్చెక్కించింది. మోకాలితో అతని పొట్టలో పొడిచింది. అతను ముందుకి వంగాడు గానీ చేతులు ఎత్తలేదు.

కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కొడుతున్నది ఎవరో, తింటున్నది ఎవరో చూడకుండా, అలవాటు చొప్పున మగవాణ్ణి పట్టుకున్నారు. రెక్కలు విరిచి మెట్ల వైపు లాక్కుపోయారు. "అయ్యో, ఆయన కాదు, దెబ్బ తగిలింది ఆయనకే!" అంటూ పెద్దకోడలు వాళ్ళ వెనకాల పరుగెత్తింది. అత్తగారు ఆమె వెనకాల.

వరండాలో చిన్నకోడలు, డాక్టరమ్మ మిగిలారు. నేల మీద నీళ్ళు.

"కొట్టడం అయిందా?" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో తిట్టు లేదు. "అయితే వినండి. టైము లేదు."

చిన్నకోడలు గోడకి ఆనుకుంది.

"ట్యూబు తెరిచాం. జ్వరం కొంచెం తగ్గింది గానీ అది చాలదు. ఇప్పుడు లోపలికి పోవాలి. ఎడమ పక్క, పక్కటెముకల కింద, ట్యూబు ఉన్నచోటే బొటనవేలంత పొడవు కోస్తాం. ట్యూబు వెంబడే వెనక నుంచి పోతాం. సన్నటి గొట్టానికి కెమెరా ఉంటుంది. చచ్చిన ముక్కలు ఒక్కొక్కటీ పట్టుకుని లాగుతాం. వదులుగా వచ్చేవి మాత్రమే. అంటుకుని ఉన్నవాటి జోలికి పోం. లాగితే వాటితోపాటు రక్తనాళం తెగుతుంది."

"మరి మిగిలినవి?"

"అవి వదులయ్యేదాకా ఆగి మళ్ళీ పోతాం. అదే దారిన. ఒకసారితో అయ్యే పని కాదు. అలాగని ఈ స్థితిలో పొట్ట మొత్తం తెరిస్తే తట్టుకోలేడు."

షెడ్డులో బస్సు సీట్లు కుట్టే చిన్నకోడలికి ఆ మాట చేతులకే అర్థమైంది. బస్సు సీటు తోలు బాగుండి, లోపలి స్పాంజి మాత్రం తడిసి కుళ్ళిపోయినప్పుడు, ఆమె కుట్టు మొత్తం విప్పదు. అడుగున చిన్న చీలిక పెట్టి, రెండు వేళ్ళు పోనిచ్చి, ఊడివచ్చింది ఊడివచ్చినట్టు తీస్తుంది. ఇనప చట్రానికి పట్టుకున్నదాన్ని బలవంతంగా లాగితే తోలే చిరుగుతుంది. ఎన్ని చిరిగాయో, ఎన్ని తిట్లు తిన్నదో.

"సరేనండీ. చెయ్యండి."

"ఇంకోటి. ఇదంతా నయమయ్యాక పిత్తాశయం తీసెయ్యాలి. లేకపోతే ఇంకో రాయి జారి మళ్ళీ ఇదే మొదలవుతుంది."

"ఇంకో రాయా?"

డాక్టరమ్మ ఆమెని వింతగా చూసింది. "మొదటి రోజే చెప్పాం కదమ్మా. పిత్తాశయంలో రాయి జారి, క్లోమం రసం వచ్చే దారికి అడ్డంపడింది. ఆ రోజే నోట్లోంచి గొట్టం పంపి తీశాం. దానివల్లే కదా ఇంత జరిగింది."

మొదటి రోజు ఎన్నో మాటలు చెప్పారు. ఏ ఒక్కటీ చెవిలో నిలవలేదు.

"తన్ను వల్ల కాదా?" అంది చిన్నకోడలు.

"ఏ తన్ను?"

"పొట్టలో... కాలితో..."

"గట్టి దెబ్బ తగిలితే క్లోమం చితికే మాట నిజమే. ఇక్కడ స్కానులో ఆ గుర్తు ఏదీ లేదు. రాయి మాత్రం కళ్ళారా చూశాను. అంతకుముందు అన్నం తిన్నాక నొప్పి అనేవాడా?"

అనేవాడు కాదు. కానీ తిన్నాక పిడికిలి బిగించి పక్కటెముకల కింద నొక్కుకుంటూ అటూ ఇటూ నడిచేవాడు. ఏమిటండీ అంటే, గ్యాసులే అనేవాడు.

చిన్నకోడలు గోడ వెంబడి జారి తడినేల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ కోపం పెట్టుకోవడానికి ఒక చోటు ఉండేది. ఒక మనిషి, ఒక కాలు. ఇప్పుడు ఆ చోట కందిగింజంత రాయి ఉంది. దాన్ని ఎవరో ఎప్పుడో పారేశారు కూడా.

*

ఆపరేషన్ గదికి తీసుకుపోయే ముందు కొద్దిసేపు చూడనిచ్చారు.

చిన్నోడు కళ్ళు తెరిచే ఉన్నాడు. పెదాలు పొక్కిపోయి ఉన్నాయి. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నంత పల్చగా ఉన్నాడు. పక్కనున్న సంచిలోకి నల్లటి ద్రవం మళ్ళీ దిగుతోంది. ఆ చుక్కల్ని చూస్తే ఆమెకి మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

"అన్న అరిచాడా?" అన్నాడు.

"ఇంట్లో తలుపు విరగ్గొట్టారు. తర్వాత నేనే అరిచా. కొట్టా కూడా."

అతని పెదవి ఒక మూల కదిలింది. "తగిలిందా?"

"నెత్తురొచ్చింది." ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. "వినండి. మీ అన్నయ్య తన్ను వల్ల కాదట ఇది. రాయట. పిత్తాశయంలోంచి జారిందట. డాక్టరమ్మ ఇప్పుడే చెప్పింది. ఆయన్ని నేను ఊరికే..."

నర్సు వచ్చి మంచం చక్రాల బిగింపు వదులు చేసింది.

"వాడికి చెప్పావా?"

"లేదు. మెట్ల దగ్గర ఉన్నారు. ఇప్పుడే పోయి..."

"చెప్పకు."

"ఏమిటండీ?"

అతని వేళ్ళు ఆమె మణికట్టు చుట్టూ బిగిశాయి. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడ దాక్కుందో తెలియలేదు. "వాడి కాలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్న పోయాక ఇంకా బాగా తెలిసింది. నేను పడ్డా, నాకు ఓపిక ఉంది. వదిన పడుతోంది. ఇప్పుడే వాడికి వాడి కాలంటే భయం పుట్టింది. తలుపుల్ని కొడుతున్నాడు, చూశావా? మనుషుల్ని కాదు." ఊపిరి అందక ఆగాడు. "రాయి అని తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"బతికి బయటికొచ్చి మీరే తేల్చుకోండి. నన్ను ఇరికించకండి."

"రాకపోతే అసలు చెప్పకు."

మంచం కదిలింది. అతని చెయ్యి జారిపోయింది. మణికట్టు మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా మిగిలాయి.

*

ఆపరేషన్ గది బయట ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. అత్తగారు ఒక కుర్చీలో ముడుచుకుని పడుకుంది. పెద్దకోడలు వచ్చి చిన్నకోడలి పక్కన కూర్చుంది.

"కింద కుట్లు వేస్తున్నారు," అంది. "సూది గుచ్చుతున్నా కదల్లేదే. పిచ్చిచూపులు చూస్తున్నారు."

"తప్పయిపోయింది అక్కా."

"పోనీలే." పెద్దకోడలు తన పాదాల వైపు చూసుకుంది. ఎవరో ఆసుపత్రి రబ్బరు చెప్పులిచ్చారు, పెద్దవి. "నేను ఎన్నిసార్లు అనుకున్నానో అలా కొట్టాలని. ఫ్లాస్కు తట్టలేదు. చపాతీ కర్ర దాకా వచ్చి ఆగిపోయా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అత్తగారు వింటుందని నోరు మూసుకున్నారు.

"రాత్రుళ్ళు లేచి కాలు కడుక్కుంటున్నారే," అంది పెద్దకోడలు గొంతు తగ్గించి. "సబ్బు పెట్టి రుద్ది రుద్ది. ఎందుకండీ అంటే ఇంకా గట్టిగా రుద్దుతారు. మొన్న కూర చల్లారిందని గిన్నె విసిరారు. గోడకి తగిలింది. నేను గోడ పక్కనే ఉన్నా, నాకు తగల్లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి గురి తప్పింది." ఆమె మోచేతి పైన చర్మాన్ని నిమురుకుంది. అక్కడ పాత మచ్చలున్నాయి. కొత్తది ఒక్కటీ లేదు. "మరిది మంచాన పడితే నాకు సుఖంగా ఉందని ఎవరితో చెప్పుకోను? నోరు పడిపోతుంది."

చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. రాయి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

పెద్దోడు వచ్చాడు. కనుబొమ్మ మీద తెల్లటి పట్టీ. ఆ కన్ను సగం మూసుకుపోయింది. చొక్కా మీద నెత్తురు ఎండి గట్టిపడింది. తల్లి దగ్గరికి పోలేదు, పెళ్ళాం వైపు చూడలేదు. నేరుగా వచ్చి చిన్నకోడలి ముందు నిలబడ్డాడు.



"నిన్నొకటి అడగాలి అమ్మాయ్," అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. ఎవరో తిన్నగా ఊదితే ఆరిపోయేలా ఉంది. "నువ్వు డాక్టరమ్మతో ఒంటరిగా మాట్లాడావు కదా. అడిగావా? నా తన్ను వల్లేనా?"

పెద్దకోడలి వేళ్ళు చిన్నకోడలి చేతిలో చల్లబడ్డాయి.

"అమ్మనడిగితే కాదంటుంది. అమ్మ అలాగే అంటుందని నాకు తెలుసు. ఇదిగో నా పెళ్ళామేమో భయానికి కాదంటుంది. నువ్వు నన్ను చూసి ఎప్పుడూ భయపడలేదు. నువ్వు చెబితే నమ్ముతా."

ఆ తలుపు వెనక, ఆమె మొగుడి పక్కటెముకల కింద, ఎవరో చచ్చినదాన్ని కొంచెం కొంచెంగా పట్టుకుని లాగుతున్నారు. అతను ఆ గదిలోంచి వస్తాడో రాడో ఆమెకి తెలియదు. చివరిసారి అతను అడిగింది ఒక్కటే.

"అవును," అంది చిన్నకోడలు. "మీ తన్ను వల్లే."

పెద్దోడు తలూపాడు. చాలా రోజులుగా తెలిసిన సంగతే మళ్ళీ విన్నవాడిలా ఊపాడు. అతని మొహంలో ఏదీ కదల్లేదు. తర్వాత ఎదుటి గోడ దగ్గరికి పోయి, నుదురు ఆ గోడకి కొట్టుకున్నాడు. ఒక్కసారే. ఆ చప్పుడుకి అత్తగారు ఉలిక్కిపడి లేచింది. పట్టీ కిందనుంచి కొత్త నెత్తురు చెంప మీదికి దిగింది.

"ఏరా! ఏమైందిరా! చిన్నోడికేమన్నా..."

"వాడికేం కాలేదమ్మా. నేనే. నేను చేసినదానికి నేనే పోయి చెప్పుకుంటా. వాడు పోయాక పోలీసులు నా కోసం రావడమెందుకు? ఇప్పుడే నేనే పోతా."

"ఎక్కడికిరా? ఒరేయ్! పెద్దోడా!"

అతను మెట్లు దిగిపోయాడు. అత్తగారు లేవబోయి, మోకాలు పట్టేసి, కుర్చీతో సహా పక్కకి ఒరిగింది. ఇద్దరు కోడళ్ళూ ఆమెని లేవనెత్తేసరికి కింద అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అదే సమయానికి ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. చేతిలో చిన్న స్టీలు గిన్నె. "ఉన్నాడమ్మా," అంది ముందుగా. ఆ తర్వాత గిన్నె చూపించింది. బూడిదరంగువీ నల్లవీ ముక్కలు, నానిపోయిన తోలుపేలికల్లాంటివి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకటి వేలంత పొడవుంది. వాసనకి అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పెద్దకోడలు మొహం తిప్పుకుంది. చిన్నకోడలు మాత్రం కళ్ళార్పకుండా చూసింది. అతన్ని లోపలి నుంచి తింటున్నది ఇప్పుడు ఒక గిన్నెలో ఉంది.

"మధ్యలో కొంచెం రక్తం వచ్చింది, ఆపగలిగాం. ఇంకా మిగిలి ఉంది. నాలుగైదు రోజులాగి మళ్ళీ పోతాం. గండం గడిచిందని ఇప్పుడే అనను. కానీ ఈ పూట గడిచింది."

అత్తగారు రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు చల్లగుండ తల్లీ. నా పెద్దోడు చేసిన పాపానికి నా చిన్నోడు పోతాడనుకున్నా. కాలెత్తి తన్నాడు తల్లీ, సొంత తమ్ముణ్ణి..."

"తన్ను వల్ల కాదని ఈమెకి చెప్పానే?" డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దించుకుని చిన్నకోడలి వైపు చూసింది. "రాయి వల్లమ్మా ఇదంతా. మీ పెద్దబ్బాయికి చెప్పండి, పాపం కుట్లు వేస్తున్నంతసేపూ అదే అడిగాడట మావాళ్ళని."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.



అత్తగారు చిన్నకోడలి మొహంలోకి చూస్తోంది. పొద్దున కొట్టినప్పుడు కూడా ఆ కళ్ళు అలా లేవు.

"మగతలో నీ గొంతు విన్నానే. కాదని తెలిసే వాడికి అవునన్నావా?" అంది.

చిన్నకోడలు మూసుకున్న తలుపు వైపు చూసింది.

"ఫోన్ చెయ్యవే!" అత్తగారు పెద్దకోడలి వైపు తిరిగి అరిచింది. "వాడింకా దారిలోనే ఉంటాడు! స్టేషనుకి చేరకముందే చెప్పు! చెయ్యని పాపం నెత్తిన వేసుకుని పోతున్నాడే నీ మొగుడు! చెయ్యి!"

పెద్దకోడలు కిటికీ దగ్గరికి నడిచింది. పెద్ద రబ్బరు చెప్పులు నేల మీద టపటపమన్నాయి. కింద వీధిలో నెత్తురు చొక్కాతో ఒక మనిషి బండ్ల మధ్య నుంచి రోడ్డు దాటుతున్నాడు. ఎవరో హారను కొట్టి తిట్టారు. అతను తిరిగి చూడలేదు.

ఫోను పెద్దకోడలి చేతిలోనే ఉంది. తెర మీద మొగుడి పేరు వెలుగుతోంది. బొటనవేలు దాని మీదికి పోయి ఆగింది.

"నీకు ముందే తెలుసా?" అంది చిన్నకోడల్ని, వెనక్కి తిరగకుండా.

"తెలుసు అక్కా."

"ఎవరి కోసం చెప్పావే?"

చిన్నకోడలు ఆమె మోచేతి వైపు చూసింది.

పెద్దకోడలికి ఆ చూపు తగిలింది. కిటికీ చువ్వని ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో ఫోను పక్కన, దాన్ని ఆపేసే మీటని నొక్కి పట్టింది. తెర నల్లబడేదాకా, అత్తగారు వచ్చి వీపు మీద దబదబా బాదుతున్నా, ఆ వేలు తియ్యలేదు.